కావాలనే చెప్పిన తప్పు

మంగళవారం

అన్నం తింటూ శ్రావణి తన లెక్కల పరిశోధన గురించి చెప్పింది. చీరల దుకాణంలో పొద్దంతా గిరాకీలకు తలూపే అలవాటు కదా, నా బిడ్డకూ అలాగే ఊపుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆగి నా మొహంలోకి చూసింది.

"బాపూ, ఇందాక నేను కావాలనే తప్పు చెప్పిన. దానికి గూడ అవునన్నవ్."

నవ్వబోయాను. అది నవ్వలేదు.

"ఈ హనుమకొండల చెప్పుకుందామంటే నువ్వొక్కనివే ఉన్నవనుకున్న," అని కంచాలు తీసింది.

దాని లెక్కలు అందుకునే బుర్ర దేవుడు నాకివ్వలేదు. ఎన్నేళ్లు కూర్చున్నా వాటి గడప దాటలేను. అయినా మొదటి మాటకే "సమజ్ కాలే బిడ్డా" అని ఉంటే, ఇంకా నా పక్కనే కూర్చుని చెబుతూ ఉండేది.