వేలిగుంట ఉన్న నువ్వుల ఉండలు

సుగుణా, గడియ తియ్యి. గడప దగ్గర ఉన్న నువ్వుల ఉండలు రెండు తిను, కడుపునొప్పి తగ్గుతుంది. రేపు నీకు ఎస్సెల్సీ పరీక్ష. మాత్రల కోసం పెనుకొండ బస్సుకు పోతున్నాను.

అవ్వ పోయి నాలుగు నెలలైంది. అయినా నువ్వు బయట చేరిన ప్రతిసారీ, ఆమె నెయ్యి పోయడానికి నొక్కే బొటనవేలి గుంటతోనే ఉండలు వస్తున్నాయి. అవ్వే వచ్చి చేస్తోందని నువ్వు జడిసి గడియ పెట్టుకున్నావు, నేనూ అట్లే అనుకున్నాను. పొద్దున ఆ గుంటలో నా వేలు పెట్టి చూశాను. అవ్వ వేలు నాకన్నా సన్నం. ఇందులో నా వేలు మునిగిపోయింది.

రోటి దగ్గర ఉన్న మనిషిని అక్కడే నిలదీశాను. "అవ్వ లేదు గదా, ఇంకెవురు చేస్తారు? పాపకు చెప్పాకు" అని తల వంచుకున్నాడు.

అమ్మ

చెప్పకుండా ఎట్లా? నా నొప్పికి ఏనాడూ ఒక్క ఉండ చెయ్యని మనిషి, మీ నాయన.