నిలువుగా ఊపిన తల

సోఫియా నగరం, సెప్టెంబరు

అమ్మమ్మా, ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నా. ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

నెట్‌వర్కు ఉద్యోగానికని ముందు చిన్న సర్టిఫికెట్టే తెచ్చుకున్నాను కదా, సిస్కో కంపెనీవాళ్ళ పెద్ద పరీక్ష ఇంకా రాయలేదు. నిన్న కంప్యూటర్లో ఇంటర్వ్యూ చేసిన డచ్ ఆయన "సిస్కో ఉందా?" అన్నాడు. లేదని తల పైకీ కిందికీ ఊపాను, మన దేశంలో అందరం ఊపేట్టే. వాళ్ళ దేశంలో అలా ఊపితే అవుననట! "భేష్, సోమవారం చేరిపో" అని పెట్టేశాడు.

నా గదిలో ఉండే వెల్కా "నోరు మూసుకుని చేరవే! అబద్ధం నువ్వాడావా? నీ మెడ ఆడింది!" అంటోంది. నాకు మనసొప్పలేదు. పొద్దున్నే ఆయనకి నిజం రాసేశాను. ఇంకా జవాబు లేదు. ఫోను మోగితే చాలు, ఆయనేనేమోనని పరుగెత్తుతున్నా.

మిరపకాయలు కాల్చావా? నాకో సీసా పచ్చడి దాచు. నా మంచం కింద సిస్కో పుస్తకం ఉంది, మామయ్యని బస్సులో పంపమను. గుళ్ళో నా పేర కొవ్వొత్తి వెలిగించు.

నేను చేసింది మంచిపనేనా? నీ మాటే మామయ్య చేత రాయించు. అమ్మమ్మ తల ఊపిందని మాత్రం రాయనివ్వకు.

నీ కాలినా