మసిగుడ్డ విప్పిన దారం

అమ్మా,

నువ్వు పోయి ఏడాది దాటింది. నిన్న మట్టెవాడలో మేనత్త మనుమణ్ణి తొట్టెలలో వేశారు. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

వాడలో ఎవరికి బిడ్డ పుట్టినా క్రోషియాతో టోపీ అల్లి ఇచ్చేదానివి. బిడ్డ పెరిగాక విప్పి పెద్దది అల్లుకోవచ్చని చివరి ముడి వదులుగా వేసేదానివి. నీ ఆడబిడ్డకైతే నెల రోజులు కూర్చుని రేడియో కవరే అల్లావు. ఇంట్లోకి టీవీ వచ్చాక ఆమె దాన్ని మసిగుడ్డ చేసి, నీ ఎదుటే దానితో అన్నం గిన్నె దించింది.

"పోనీ బిడ్డా, పనికొస్తాంది గద," అన్నావు దారిలో.

నేను పోనివ్వలేదు. మళ్లీ వెళ్లినప్పుడు దాన్ని కొంగు చాటున దాచి తెచ్చేశాను.

పోయిన వారం ఆ కవరు చివరి ముడి విప్పాను. దారాన్ని సోడాలో ఉడకబెట్టి, ఉతికి, బాబుకు టోపీ అల్లాను. ఎంత ఉతికినా మసి వదలని దారాన్ని నుదుటి మీది వరసకే వాడాను.

తొట్టెల దగ్గర అత్తమ్మ మురిసిపోయింది. "అచ్చం మీ అమ్మ అల్లినట్టే ఉన్నది. దిష్టి తగలకుండ నల్లవరస గూడ ఏసినవా?"

"దిష్టికి కాదత్తమ్మా, అది నీ పొయ్యికాడి మసి. నువ్వు మసిగుడ్డ జేసిన రేడియో కవరే ఇది," అన్నాను, చుట్టాలందరూ వినేలా.

ఆమె చేయి టోపీ దాకా వెళ్లి ఆగిపోయింది. తీస్తే పిల్లాడు లేస్తాడు.

నువ్వుంటే ఆ మాట నన్ను అననిచ్చేదానివి కాదు. లేవు కదా, అన్నాను.