షెడ్డులో అయిదక్షరాల ఆట

కలిదిండి,
బుధవారం

ప్రియమైన సూర్యక్కకు,

అన్యాయం జరిగింది. చేసినవారు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి కృష్ణమోహన్ గారు. అంటే నువ్వు బిల్లులు కొడుతున్న కొట్టు యజమానే. కోపంలో ఫోన్ చెయ్యొద్దు, రాసి పంపు అని నువ్వు పెట్టిన నియమం కాబట్టి రాస్తున్నాను. చేపల వ్యాన్ అప్పారావు తెచ్చి ఇస్తాడు.

నిన్న మీ ఊళ్ళో ఇంగ్లీషు మాటల పోటీ ఫైనల్. మన చేపల ప్యాకింగ్ షెడ్డులో సాయంత్రాలు నేను చదివించే కెజియా, శిరీష ఒకవైపు, భీమడోలు పిల్లలు ఒకవైపు. న్యాయనిర్ణేత ఆయనే. అయిదు అక్షరాల మాట చెప్పాలి, అందులో ఆర్, టీ రెండూ ఉండాలి. అన్న మాటే మళ్ళీ అంటే ఆ జట్టు ఓడినట్టే. గెలిచినవాళ్ళు విశాఖలో రాష్ట్ర పోటీకి వెళ్తారు. వాటర్, ట్రేడ్, స్టార్మ్, ఫ్రంట్... అవతలివాళ్ళు తడబడుతున్నారు, మనవాళ్ళు ఆగడం లేదు. కొల్లేట్లో ఎవరూ చూడని ట్రౌట్ అనే చేపని కూడా పట్టుకొచ్చింది కెజియా! హాలంతా చప్పట్లు. తర్వాత ఆమె ఎర్త్ అంది. పక్కనున్న శిరీష కూడా ఎర్త్ అంది. అంతే, ఆయన గంట కొట్టేశారు. మనవాళ్ళు ఓడిపోయారట.

శిరీష ఎందుకందో నీకు చెప్పాలా? కాటా దగ్గర ఒకరు తూకం పిలిస్తే పక్కవాళ్ళు అదే మళ్ళీ అనాలి, అప్పుడే రాసేవాడు రాస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లలు విన్నది అదే. శ్రమ నేర్పిన అలవాటుకి శిక్షా? కెజియా అప్పట్నుంచి నోరు విప్పలేదు. ఈ ఏడాదితో ఆమెకు ఆ పోటీ వయసు అయిపోతుంది.

ఆదివారం పదింటికి ఆయన కొట్టు ముందు ధర్నా. కరపత్రం రాసేశాను. నువ్వు ఆ ఉద్యోగం రేపే మానెయ్యి.

ఉద్యమాభివందనాలతో,
నీ తమ్ముడు దుర్గాసాయి

తాడేపల్లిగూడెం,
గురువారం

ప్రియమైన మంటల తమ్ముడికి,

ఉద్యోగం మానలేదు. మానితే నీ కరపత్రాల అచ్చుకూలి ఎవరిస్తారురా?

ఆయనతోనే మాట్లాడాను. నీలా కాదు, పొద్దున్న ఉల్లిపాయల వేలం అయ్యాక, కాఫీ తాగుతుండగా. మార్కెట్లో ఒకరన్న ధరని పక్కవాడు కూడా అన్నాడంటే వాడూ సరుక్కి పాట పాడినట్టేనట, ఊరికే అన్నానంటే కుదరదట. "నోట్లోంచి వచ్చిందంటే వచ్చినట్టేనమ్మా" అన్నారు. చిన్నప్పటి నుంచీ ఆ వేలంలోనే పెరిగిన మనిషి. పిల్లల మీద ఆయనకు పగేమీ లేదు.

మన కాటా పద్ధతి చెప్తే నమ్మలేదు. ఒకసారి వచ్చి చూడండి అన్నాను. చేపల బజారు ఉన్న వీధిలోంచి కూడా నడవని శాకాహారి కదా, చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. ఆఖరికి, "రేపు పొద్దున్న మీవాళ్ళ లోడింగ్ ఎన్నింటికమ్మా?" అని అడిగారు.

వస్తున్నారు. నినాదాలు వద్దు. కుర్చీ వెయ్యి, ఐసుకి కాస్త దూరంగా.

నీ మేలు కోరే,
అక్క

కలిదిండి,
గురువారం సాయంత్రం

ప్రియమైన అక్కకు,

వస్తే రానీ. కుర్చీ మాత్రం వెయ్యను. కాటా దగ్గర ఆడవాళ్ళు పొద్దున్నుంచి నిలబడే ఉంటారు, ఆయననీ నిలబడే చూడమను. గెలుపు షీల్డు కెజియా చేతిలో పెట్టేదాకా ధర్నా ఆగదు. శిరీష నా కరపత్రంలో స్ట్రైక్ అన్న మాట చూసి, "ఇది మన ఆటకి పనికిరాదన్నా, ఇంగ్లీషులో ఆరక్షరాలు" అంది. వెక్కిరింతో, అలవాటో.

తగ్గని,
దుర్గాసాయి

కలిదిండి,
శుక్రవారం

ప్రియాతిప్రియమైన అక్కా,

ఆయన వచ్చారు! ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మరీ వచ్చారు. నేను కుర్చీ వెయ్యకపోతే శిరీష వాళ్ళమ్మ నన్ను గుర్రుగా చూసి, ఖాళీ ట్రే బోర్లించి కూర్చోండి బాబుగారూ అంది. ట్రే నిండా శీలావతి చేపలు కాటా ఎక్కాయి. ఆవిడ తూకం పిలిచింది. పక్కావిడ అంది, ఐసు కొట్టేవాళ్ళన్నారు, లారీ డ్రైవరూ అన్నాడు. ఇంకో ట్రే ఎక్కింది. ఈసారి రుమాల్లోంచి కృష్ణమోహన్ గారు కూడా అన్నారు! అని, తానే ఉలిక్కిపడ్డారు.

రుమాలు తీసేసి కెజియాని పిలిచారు. "తప్పు నాదేనమ్మా. ఇది మళ్ళీ అనడం కాదు, విన్నామని చెప్పడం" అన్నారు.

అయితే షీల్డు ఇచ్చెయ్యండి అని నేను మీదికి వెళ్ళాను. కెజియా నాకు అడ్డం వచ్చి నిలబడింది. "షీల్డు అడక్కండన్నా. ఆట మధ్యలో ఆగింది. నా దగ్గర ఇంకా మాటలున్నాయి, చెప్పనివ్వండి."

రెండు రోజుల నా కరపత్రం ఆవేశం అక్కడే ఆగిపోయింది.

ఆయన అప్పటికప్పుడే భీమడోలుకి ఫోన్ చేశారు. ఎత్తింది అవతలి జట్టు అమ్మాయి సాహితి. ఒప్పుకోదనే అనుకున్నాను. అలా గెలిచినందుకు మాకూ సంతోషంగా లేదండీ, మళ్ళీ ఆడతాం అంది! మన షెడ్డులోనే, కొత్త అక్షరాలతో ఆట, గెలిచినవాళ్ళకి విశాఖ. నియమం కెజియా పెట్టింది: ఏ జట్టు మాట చెప్పినా షెడ్డంతా గట్టిగా మళ్ళీ అనాలి, అన్నాకే అది లెక్క. రెండు జట్లకీ ఒకే కాటా. కృష్ణమోహన్ గారు గంట ఇంట్లోనే వదిలి వస్తానన్నారు.

ధర్నా రద్దు. పాత కరపత్రాల వెనక వైపు ఇది రాస్తున్నాను, నీకు పంపినవి అక్కడ పంచు:

కాటా దగ్గర ఆడవాళ్ళూ, చెరువు కాపలావాళ్ళూ, గూడెం మార్కెట్ హమాలీలూ! ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, మాకు మీ గొంతు కావాలి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కలిదిండి ప్యాకింగ్ షెడ్డుకి అందరూ రండి.

గొంతు సవరించుకుంటూ,
నీ దుర్గాసాయి