వెనక్కి నడిచొచ్చిన పడవ

ఆదివారం రాత్రి, విజయనగరం హాస్టల్

కాలేజీ పాట వీడియోకి ఎడిటింగ్ నాదే. సముద్రం షాట్లు తక్కువయ్యాయంటే నా క్లాస్‌మేట్ దుర్గ తన ఫోన్లో ఉన్నవన్నీ పంపింది. వాటిలో వాళ్ల నాన్న భావనపాడు ఒడ్డు నుంచి పడవని నీళ్లలోకి తోస్తున్న వీడియో ఒకటుంది. పోయినేడాది వేటకెళ్లి ఆయన తిరిగి రాలేదు. అది తెలిసే నేను ఆ వీడియోని రివర్స్ చేశాను. డప్పు దెబ్బకి సరిగ్గా పడవ ఒడ్డుకొచ్చేస్తుంటే మురిసిపోయాను. దుర్గని ఒక్క మాట అడగలేదు.

ఈరోజు వాళ్లింట్లో లాప్‌టాప్ పెట్టి చూపించాను. పడవ రావడం చూసి వాళ్లమ్మ లేచి నిలబడిపోయింది.

"మీ నాన్న వచ్చేస్తన్నాడే దుర్గా!"

దుర్గ నావైపు తిరిగింది. "ఏటే ఇది? తీసెయ్యి ముందు."

"తియ్యకమ్మా," అంటూ వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకోపాలి ఎయ్యి. నా ఫోన్లో కూడా ఎక్కించు."

కాదనలేక ఎక్కించాను. ఆవిడ మళ్లీ మళ్లీ చూసి నన్నే అడిగింది, "ఒడ్డుకొచ్చినాడు గానీ ఇటు తిరగడేటమ్మా?"

వెళ్తున్న మనిషిని వెనక నుంచి తీసిన వీడియో అది. ఎన్నిసార్లు వేసినా వీపే కనిపిస్తుంది.

హాస్టల్‌కి రాగానే ఆ షాట్ తీసేసి దుర్గకి ఫోన్ చేశాను.

"పాటలోంచి తీసేశానే, నన్ను క్షమించు."

"మా అమ్మ ఫోన్లోంచి ఎవులు తీస్తారే?" అని పెట్టేసింది.