ఒక చుక్క కొబ్బరినూనె

మంగళవారం రాత్రి, మైపాడు

ఈ రోజంతా లాప్‌టాప్ నత్తలా నడిచింది. ప్రాసెసర్ వేగం అడుగున ఇరుక్కుపోయి పైకి లేవనే లేదు. ఆ వేగాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను, పాతది తిరిగి వేశాను, పవర్ సెట్టింగులన్నీ తిప్పి చూశాను. ఊహూఁ. మేనేజరుకు చెబితే, రేపటికి బాగవకపోతే నెల రోజులు బెంగుళూరు ఆఫీసుకు వచ్చి పని చెయ్యమన్నాడు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నేను ఒంటరిగా నెల్లూరు బస్సు కూడా ఎక్కలేదు.

సాయంత్రం చార్జర్ ఊడదీస్తే పిన్ను జిడ్డుగా తగిలింది. కొబ్బరినూనె వాసన. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అత్తమ్మ తాళాలకూ తలుపు బందులకూ నూనె రాస్తూ ఉంటుంది.

"నీ చార్జరుకి కూడా ఒక చుక్క పూసినాలేమ్మా. అంత మంచి వస్తువుని ఉప్పు తినేస్తే ఎట్టా?" అంది.

ఆ ముఖం చూసి ఎలా కోప్పడను? నూనె అడ్డుపడి లాప్‌టాప్ తన చార్జర్‌నే గుర్తుపట్టలేదు, కరెంటు చాలదేమోనని భయపడి వేగం తగ్గించుకుంది. అంతే, డ్రైవర్ తప్పేమీ లేదు. పిన్ను తుడిచి పెట్టగానే వేగం పైకి ఎగిరింది.

"ఇంకేం, బెంగుళూరు గోల తప్పింది" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

అందరూ పడుకున్నారు. "బాగైంది" అని మేనేజరుకు రాసిన మెసేజ్ ఇంకా పంపబుద్ధి కాలేదు. నూనె గిన్నె వంటింటి గూట్లోనే ఉంది. ఇందాక లేచి వెళ్లి, పిన్నుకు ఒక చుక్క రాసి వచ్చాను. వేలి జిడ్డు ఈ పేజీకి అంటుతోంది.