అమ్మ తొడిగే చొక్కా

శనివారం, మక్తల్

ఫ్యాషన్ కాలేజీ అమ్మాయి కీర్తన మళ్లీ మా టైలర్ షాపుకొచ్చింది. ఆమె ర్యాంప్ షోకి బట్టలు కుట్టేది నేనే. పత్తి ఏరే ఆడవాళ్లే ఆమెకు ఇన్‌స్పిరేషన్ అట. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, నడుముకు పత్తి నింపుకునే ఒడి. అంటే మా అమ్మే! ఆ చొక్కా చేతులు మోచేతి దాకా కత్తిరించమంది కీర్తన. ఒళ్లు మండింది.

"చేతులు కోస్తే ఇంకేముంటది మేడం? పత్తికాయ గీరకుండనే గద మా అమ్మ చొక్కా తొడిగేది! ఎన్నడన్న చేన్ల దిగినవా?"

కోప్పడుతుందనుకున్నాను. "లేదక్కా. మీ అమ్మను అడుగుతవా?" అంది.

ఇంటికొచ్చి అడిగాను. అమ్మ నవ్వింది.

"చెయ్యి గీరితే మాన్తది బిడ్డా. చీర చినిగితే మాన్తదా? చీర కోసమే తొడుగుత. గిది గూడ తెల్వకుండ లొల్లి వెట్టుకున్నవా?"

చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అరిచాను?

కీర్తనకు ఫోన్ చేశాను. రేపు ఇద్దరం అమ్మ వెంట చేనుకు పోతాం. అప్పటిదాకా కత్తెర పెట్టను. ఆ ఒడి అమ్మ ఎడమ పక్కకే ఎందుకు ముడి వేస్తుందో, అదీ నాకు తెలియదు...